ఐదో షీటు

పదకొండేళ్ళుగా ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. ఇలాంటి బరువులు గుండె మీద ఉంటాయంటారు. నాది బీరువా మీద ఉండేది. అట్ట గొట్టంలో చుట్టి, పాత దుప్పటి వెనక్కి తోసి, దాని ముందు పాడైపోయిన ఇస్త్రీపెట్టె అడ్డం పెట్టాను. దుమ్ము దులిపినప్పుడల్లా ఆ మూల వదిలేసేదాన్ని. "పైన అంత దుమ్ము ఉండాదే" అని మా ఆయన ఒకసారి అంటే, నాకు అందదన్నాను. స్టూలు పక్కనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెబితే వెంటనే ఓదారుస్తారు, లేకపోతే మా ఆయన చెవిన వేస్తారు. రెండూ నాకు వద్దు. మా చర్చిలో పాస్టరుగారి ముందు విడిగా కూర్చుని చెప్పుకునే పద్ధతి లేదు. ఆదివారం అందరం లేచి నిలబడి పాపాలు ఒప్పుకుంటాం, మూకుమ్మడిగా. వందమందితో కలిసి ఒప్పుకుంటే ఏ పాపమైనా తేలికే. ఏ పాపం అని ఎవరూ అడగరు కదా.

నేను మా మామయ్య చేతులు చెడగొట్టాను. అంటే కొట్టలేదు, విరచలేదు. ఆయన చేతులు పనికిరావని ఆయనే నమ్మేటట్టు చేశాను. కాదు, ఇది కూడా సరిగ్గా లేదు. ఆయన అలా నమ్ముతుంటే, నిజం తెలిసి కూడా ఊరుకున్నాను. ఆ, ఇప్పుడు సరిగ్గా వచ్చింది.

మా పుట్టిల్లు బాపట్ల దగ్గర. పెళ్ళయి మద్రాసులో వ్యాసర్పాడి వచ్చేసరికి ఇంట్లో ఇద్దరే ఉన్నారు, మా ఆయనా, ఆయన తండ్రీ. అత్తగారు అప్పటికే పోయారు. మామయ్య ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. ఆయన తెలుగు నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. ఆయన చేసే పని అర్థం కావడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఆయన సినిమాలకు మినియేచర్లు చేసేవాడు. చిన్న చిన్న ఇళ్ళు, రైలు పెట్టెలు, అన్నిటికంటే ఎక్కువగా కార్లు. తెర మీద లోయలో పడి పల్టీలు కొట్టే కారు చాలాసార్లు మా వరండాలో అట్టతో చేసిందే. అట్ట కోసి, మడిచి, పొర మీద పొర అంటించి రంగు వేస్తే అచ్చం ఇనుమే. చేత్తో పట్టుకుంటే తప్ప తెలియదు. మూరెడు కారు కొబ్బరికాయంత బరువు కూడా ఉండేది కాదు. కంప్యూటర్ గ్రాఫిక్సు వచ్చాక పని తగ్గింది, తర్వాత ఆగిపోయింది. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఆరేళ్ళుగా ఎవరూ ఆయన్ని పిలవలేదు.

పని లేని పనివాడు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలుసా? ప్రతిదీ కొలుస్తాడు. నేను చేసిన చపాతీ గుండ్రంగా లేదు. నేను కట్టిన కర్టెను ఒక పక్కకు లాగుతోంది. గోడకు మేకు కొడుతుంటే వెనక నిలబడి, "ఎడం పక్క ఒక నూలు దిగిందమ్మా" అనేవాడు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వడ్రంగుల లెక్క. ఏడేళ్ళు ఆ నూలుతో నన్ను కొలిచాడు. తిట్టేవాడు కాదు. తిట్టినా బాగుండేది, నేనూ ఒక మాట అనేదాన్ని.

ఒక్క విషయంలోనే నన్ను మెచ్చుకున్నాడు. నేను సౌకార్‌పేటలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే షాపులో కంప్యూటర్ పని చేసేదాన్ని. ఆయన గీసిన చిన్న బొమ్మ ఒకటి ఎప్పుడో ప్రింటు తీసి తెచ్చిస్తే, స్కేలు పెట్టి చూసి తలూపాడు. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా అదే మాట. "మా కోడలు ప్రింటు తీస్తే నూలు తప్పదు." మొదటిసారి విన్నప్పుడు వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఒక్క మాటకు అంత ఆకలిగా ఉన్నానని నాకే తెలియదు.

అప్పుడొచ్చింది పని. ఒక ఆర్ట్ డైరెక్టర్ దగ్గర అసిస్టెంటుగా ఉండే మనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సినిమాలో పాత అంబాసిడర్ టాక్సీ ఘాట్ రోడ్డు మీంచి పడాలి. డైరెక్టరుకు గ్రాఫిక్సు నచ్చలేదట, నిజంగా పడే బండి కావాలట. ముందు అట్టతో ఒక నమూనా చేసి చూపించాలి, అసలు కారులో పదో వంతు సైజు. అది కుదిరితే నాలుగు టాక్సీలు, ఒక బస్సు. గడువు పదిహేను రోజులు. బొమ్మంతా కంప్యూటర్లో గీసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు, ఆరు షీట్లు. వాటిని మందపాటి అట్ట మీద ప్రింటు తీస్తే కోసుకోవచ్చు.

ఆ మనిషి వెళ్ళాక మామయ్య పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టాడు. "అమ్మణ్ణీ, ఇది కుదిరితే ఇంకా ఐదేండ్లు పని చేస్తా నేను" అన్నాడు. అప్పుడు ఆయనకు అరవై తొమ్మిది. ఆ పూట ఆయన ఏ చపాతీనీ కొలవలేదు.

మా షాపులో మిషను ఎప్పుడూ 'ఫిట్ టు పేజ్' మీద ఉంటుంది. పత్రికల వాళ్ళు తెచ్చే ఫైళ్ళు ఒక్కోటి ఒక్కో సైజు. వినాయకుడి తొండమో, పెళ్ళికొడుకు ఇంటిపేరో అంచులో తెగిపోతే మా పని అయిపోయినట్టే. అందుకని బొమ్మ కాగితంలో ఇమిడేటట్టు కాస్త కుదించి తీసే గడిలో టిక్కు పెట్టి ఉంచుతాం. పత్రిక ఒక నూలు తగ్గితే పెళ్ళి ఆగదు. కారు ఆగుతుంది.

సోమవారం ఆ టిక్కు తీసేసి నాలుగు షీట్లు ప్రింటు చేశాను. ప్రతి షీటు మూలలో పది సెంటీమీటర్ల గీత ఒకటుంది, సైజు సరిచూసుకోవడానికి. మొదటి షీటు మీద స్కేలు పెట్టి చూశాను. పది అంటే పది. నాలుగో షీటు కాగానే టోనర్ అయిపోయింది. మంగళవారం కొత్తది వేశాక ఎవరిదో అర్జెంటు పత్రిక ఉంటే అది ముందు తీశాను. వెంటనే ఐదో షీటు, ఆరో షీటు తీశాను. పత్రిక కోసం పెట్టిన టిక్కు అలాగే ఉంది. చూడలేదు. స్కేలు పెట్టలేదు. నిన్న చూశాను కదా అనుకున్నాను.

ఇది తప్పే. కానీ దీని కోసం ఇన్ని కాగితాలు పాడుచేసేదాన్ని కాదు. పనిచేసే వాళ్ళెవరైనా పొరపాట్లు చేస్తారు. నేను చెప్పాలనుకుంటున్నది దీని తర్వాతది, కానీ ఎందుకో ఇక్కడే తిరుగుతున్నాను. టోనరూ టిక్కూ అంటూ. నా తప్పు మిషను మీదకు తోయాలని ఇప్పటికీ చేయి లాగుతోంది కాబోలు.

ఆ సాయంత్రం మామయ్య మొదటి షీటు తీసి స్టీలు స్కేలు పెట్టాడు. నవ్వాడు. మిగతా ఐదూ కొలవలేదు. ప్రతిదీ కొలిచే మనిషి, నా ప్రింటు కొలవలేదు. కొలిస్తే నన్ను అవమానించినట్టు అవుతుందనుకున్నాడేమో.

ఆయన పనిచేస్తుంటే చూడాలి. సిరా అయిపోయిన రీఫిల్‌తో మడత గీతలు నొక్కేవాడు. అట్టను రెండు చేతులతో కాస్త వంచి ఏ వైపు లొంగుతుందో చూసి, పొర పొరకూ ఆ దిశ మార్చి అంటించేవాడు. అంటించడానికి వదిలే అంచు ముక్కల్ని చెవులు అనేవాడు. "గీతను సగానికి కొయ్యాలమ్మా. గీత బయట కోసినోడు ఇంకా నేర్చుకుంటా ఉండాడు. లోపల కోసినోడికి రొంబ తొందర." ఇలా నాతో ఆయన ఏడేళ్ళలో మాట్లాడలేదు. నేను టీ ఇచ్చి అక్కడే నిలబడిపోయేదాన్ని.

తొమ్మిది రోజుల్లో కింది భాగం, రెండు పక్కలు, తలుపులు, చక్రాలు అయ్యాయి. అవన్నీ మొదటి నాలుగు షీట్లవి. పదో రోజు పొద్దున టాప్ మడిచి పైన పెట్టాడు. కూర్చోలేదు. ఒక పక్క ఆనిస్తే రెండో పక్క సందు. సరిగ్గా ఒక నూలు.

ముందు అట్ట మందం లెక్క తప్పానన్నాడు. పడే బండి కదా, గట్టిగా ఉండాలని పక్కలు మూడు పొరలు వేశాడు, దానివల్ల వెడల్పు పెరిగి ఉంటుందని లోపలి పొర ఒలిచాడు. అప్పుడు కింది భాగం వదులైంది. దాన్ని సరిచేస్తే తలుపులు పట్టలేదు. బానెట్ పెట్టి చూస్తే అదీ అంతే. ఊడదీయడం, అంటించడం, మళ్ళీ ఊడదీయడం. మధ్యాహ్నం అన్నం పెడితే తినలేదు. చేతులు కిటికీ వైపు చాచి, వేళ్ళు విడదీసి, వెలుతురులో చాలాసేపు చూసుకున్నాడు.

నాకు అప్పుడే తెలిసిపోయింది. టాప్, బానెట్ మంగళవారం నేను కొలవకుండా తీసిన షీట్లవి. ఆయన సాయంత్రం కొట్టుకు వెళ్ళగానే గోడకు క్లిప్పుతో తగిలించిన ఐదో షీటు మిగులు తీశాను. మూల గీత అలాగే ఉంది. ఆయన స్టీలు స్కేలే పెట్టాను. తొమ్మిది సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్లు. ఆరో షీటు కూడా అంతే. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. స్కేలు ఎక్కడిదక్కడ పెట్టేసి గిన్నెలు కడగడానికి కూర్చున్నాను.

మర్నాడు షాపులో ఆరు షీట్లూ మళ్ళీ తీశాను. ఆరింటినీ కొలిచాను. గొట్టంలో చుట్టాను. షేర్ ఆటోలో వస్తూ ఒకే వాక్యం లోలోపల అనుకుంటూ వచ్చాను. 'మామయ్యా, నా వల్ల పొరపాటు జరిగింది, ఇవిగో కొత్తవి.' గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. టాప్, బానెట్, డిక్కీ చేయడానికి ఆయనకు రెండు రోజులు చాలు. ఇది బాగా గుర్తుంచుకోండి. సమయం ఉంది. షీట్లు నా చేతిలో ఉన్నాయి. వాక్యం కూడా సిద్ధంగా ఉంది.

నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆయనే పిలిచాడు. ఒళ్ళో టాప్ ఉంది.

"అమ్మణ్ణీ, ఒక మాట అడగతా, తప్పుగా తీసుకోబాకు. ప్రింటు సరిగ్గానే ఉండాది కదా?"

"సరిగ్గానే ఉంది మామయ్యా" అన్నాను.

"అదే కదా. నీ మీద అనుమానం లేదమ్మా. అన్నీ చూసుకోని, లాస్టులో అడగాల కదా అని అడిగినా. అయితే నా చెయ్యే." నా చేతి వైపు చూసి, "ఆ గొట్టం ఏంది?" అన్నాడు.

"షాపు వాళ్ళు క్యాలెండర్లు ఇచ్చారు" అన్నాను.

ఇంతే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న వేసుకుంటూ ఒక్కో ఏడాది ఒక్కో జవాబు చెప్పుకున్నాను. భయపడ్డానని మొదట. నాకు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి పేరు అది, పోతే నా దగ్గర ఇంకేమీ మిగలదు అనుకున్నానని తర్వాత. రెండూ నిజమే, రెండూ చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి, వినేవాళ్ళకు జాలి కూడా వేస్తుంది. కానీ ఇంకొకటి ఉంది, దాన్ని ఎప్పుడూ పైకి రానివ్వలేదు. ఆయన "నా చెయ్యే" అన్నప్పుడు నాకు సంతోషం వేసింది. చిటికెడు. చపాతీలు కొలిచిన మనిషి, మేకులు కొలిచిన మనిషి, మొదటిసారి తనే ఒక నూలు తప్పాడు. ఉండనీ కొన్నాళ్ళు, తెలుస్తుంది అనుకున్నాను. చూశారా, ఇలాంటి మనిషిని నేను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంటారు కదా. మా ఇంట్లో నిజంగా మద్దెలే ఓడు. ఆయనేమో మద్దెలను ఒక్క మాట అనకుండా, తనకే ఆట రాదని నమ్మాడు.

గడువు రోజున ఆ అసిస్టెంటు వచ్చాడు. మామయ్య సందులన్నీ లప్పంతో పూడ్చి, నలుపూ పసుపూ రంగు వేసి పెట్టాడు. దూరం నుంచి బాగానే ఉంది. అతను దగ్గరగా వంగి టాప్ చుట్టూ చూశాడు, ఫోను తీసి రెండు ఫోటోలు తీసుకున్నాడు, "బాగుంది పెద్దాయనా, కబురు చేస్తాం" అన్నాడు. చేయలేదు. ఆ సీను చివరికి ఎలా తీశారో తెలియదు. ఆ సినిమా నేను చూడలేదు.

ఆ తర్వాత నెలకు మామయ్య తన కత్తులు, స్కేళ్ళు, రీఫిళ్ళ డబ్బా అన్నీ కాయలాన్‌కడకు, అదే పాత సామాన్ల కొట్టుకు, ఇచ్చేశాడు. అప్పుడైనా చెప్పలేదు నేను. క్రిస్మస్‌కు మా సందు మొదట్లో కట్టే పెద్ద అట్ట నక్షత్రం ఎప్పుడూ ఆయనే చేసేవాడు. ఆ ఏడాది "కొనుక్కోండి, నా చెయ్యి కుదరదు" అన్నాడు. కొన్నారు. తర్వాత గడ్డం తనే గీసుకోవడం మానేసి మంగలి షాపుకు వెళ్ళడం మొదలుపెట్టాడు, కత్తి జారుతుందేమోనని. నాకు అర్థం కాని విషయం, ఒక్కసారి అనుమానం వస్తే మనిషి ఇంత దూరం పోతాడా అని. పోతాడు. బ్యాంకులో సంతకం సరిపోలేదని ఒకసారి తిప్పి పంపారు, వయసు మీద పడ్డాక ఎవరికైనా జరిగేదే. మరుసటి సారి వేలిముద్ర వేసి వచ్చాడు. బొమ్మ కారు నంబర్ ప్లేటు మీద వెంట్రుకంత కుంచెతో అంకెలు రాసిన మనిషి.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను కానీ రాస్తాను. ఆటోలో పక్కన కూర్చుని, జాగ్రత్తగా చేయి పట్టి దించి, వరుసలో నిలబెట్టి. డాక్టరు వేళ్ళు వంచి, నొక్కి, కళ్ళు మూసుకుని ముక్కు తాకమని, అన్నీ చూసి చేతులకేమీ లేదన్నాడు. "ముసలోడికి ఎందుకు చెప్పాలని అట్లా అన్నాడమ్మా" అన్నాడు మామయ్య బయటికొచ్చాక. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి, "మందులు తీసుకుందాం పదండి" అన్నాను. బలానికి విటమిన్లు రాశాడు.

చెప్పడానికి ఇన్నేళ్ళలో సందర్భాలు రాలేదా? వారానికి ఒకటి వచ్చింది. కానీ ఆలస్యం పెరిగేకొద్దీ మాట బరువెక్కింది. మొదటి రోజు అది ప్రింటు గురించిన మాట. ఏడాది పోయాక ఏడాది గురించిన మాట. అయిదేళ్ళు పోయాక, ఆయన పని చేస్తానన్న ఆ అయిదేళ్ళూ నేనే తీసుకున్నానని చెప్పాలి. అలా ఎలా చెబుతారు ఎవరైనా? ఇప్పుడు చెప్పి ఆయన్ని బాధపెట్టడం ఎందుకు, వయసు మీద పడిందనుకుని కుదుటపడ్డాడు కదా, అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. దాన్ని దయ అనుకున్నాను చాలాకాలం. దయ కాదు. పిరికితనమే దయ వేషం వేసుకుంది.

ఈ ఏడాది వానలకు గోడ చెమ్మెక్కి సున్నం వేయించాల్సి వచ్చింది. బీరువా జరుపుతుంటే గొట్టం దొర్లి నా కాళ్ళ దగ్గర పడింది. మా ఆయన ఎత్తి, ఇదేమిటని అడిగి, నా జవాబు వినకుండానే నాకిచ్చి వెళ్ళిపోయాడు. షీట్లు పసుపు పట్టాయి, చెమ్మకు మెత్తబడ్డాయి, కానీ గీతలన్నీ ఉన్నాయి.

నాకు ఒక ఆలోచన వచ్చింది. చెడ్డ ఆలోచనే. ఈ షీట్లతో నేనే కారు చేసి చూస్తాను. సరైన ప్రింటుతో కూడా టాప్ కుదరకపోతే? అసలు ఆ అసిస్టెంటు గీసిన బొమ్మలోనే తప్పుంటే? అప్పుడు నేనేం చేసినా ఆ పని పోయేదే కదా. పదకొండేళ్ళు అనవసరంగా నన్ను నేను తిట్టుకున్నట్టే కదా. నవ్వొస్తోందా మీకు? నేను మాత్రం దేవుడికి మొక్కుకుని మొదలుపెట్టాను, కుదరకూడదని.

ఆరు వారాలు పట్టింది. షాపు పని మానేసి ఇప్పుడు ఇంట్లోనే కంప్యూటర్ పని చేస్తున్నాను, మధ్యాహ్నాలు మామయ్య నిద్రపోతాడు, వంటింట్లో కూర్చుని కోసేదాన్ని. ఎంత దిక్కుమాలిన పనో చెప్పలేను. మెత్తబడిన అట్ట మడత దగ్గర మడవకుండా పగులుతుంది. ఫ్యాను వేస్తే తలుపు పిడులు ఎగిరి పొయ్యి కిందికి పోతాయి, ఫ్యాను తీస్తే చెమట కారి అట్ట ఇంకా మెత్తబడుతుంది. జిగురు అంటాల్సిన చోట అంటదు, నా వేళ్ళకు అంటుతుంది. ఒక్క చక్రానికి పన్నెండు బిళ్ళలు కోసి అంటించాలి, నాలుగు చక్రాలు, ఒక్కటీ గుండ్రంగా రాలేదు. ఎడమ పక్క తలుపు చెవి తెలియక కోసి పారేశాను, మళ్ళీ అతికించాను, వంకర వచ్చింది. రెండుసార్లు మొత్తం నేలకేసి కొట్టబోయాను. అరచేతిని గోడకేసి కొట్టుకున్నాను ఒకసారి. గీత సగానికి కొయ్యాలి అన్నమాట గుర్తొస్తే ఇంకా ఒళ్ళు మండేది. సగానికి కాదు, గీత దరిదాపులకు రావడమే నాకు గగనం.

కానీ లోపల్లోపల ధైర్యంగానే ఉంది. ఇంత అధ్వాన్నంగా చేస్తే టాప్ ఎలాగూ కూర్చోదు.

మొన్న మధ్యాహ్నం టాప్ మడిచాను. చెవులకు జిగురు రాయకుండా, ఊరికే పైన పెట్టి చూశాను. కూర్చుంది.

తీసి మళ్ళీ పెట్టాను. ఎడమ వైపు నుంచి, కుడి వైపు నుంచి, వెనక నుంచి. కూర్చుంది. బానెట్ పెట్టాను, అదీ కూర్చుంది. వంకర తలుపులు, పగిలిన మడతలు, పన్నెండు మూలల చక్రాలు, జీవితంలో ఎప్పుడూ అట్ట కోయని చేతులు, అయినా కూర్చుంది. ఇక నాకు తప్పించుకునే దారి లేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ కారు మీదే అనుకుంటాను. పైకి తిట్టాను కూడా, పెద్దగా.

ఆ మాటకు మామయ్య లేచినట్టున్నాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉన్నాడు.

"ఎవురు చేసింది?"

"నేనే మామయ్యా."

దగ్గరికొచ్చి రెండు చేతులతో తీసుకున్నాడు. తిరగేసి అడుగు చూశాడు. కిటికీలోంచి లోపలికి చూశాడు. "ఈడ చెవి తెల్లగా కనపడతా ఉండాది. ఈ చక్రం ఒంకర. అట్టను అడ్డంగా మడిచినావు, అందుకే పగిలింది." తర్వాత గోరు టాప్ అంచు మీద ఆనించి చుట్టూ తిప్పాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. మళ్ళీ ఒకసారి తిప్పాడు. మొహంలోకి ఏదో వచ్చి పోయింది.

"టాప్ ఎట్లా కుదిరిందమ్మా నీకు?"

"మామయ్యా, ఆ రోజు ప్రింటు..." అన్నాను.

"ప్రింటుకేమి? నీ ప్రింటు ఆ దినం కూడా సరిగ్గానే ఉండె. చెయ్యమ్మా. చెయ్యి ఉండాల. నీకుండాది. ఇంద" అని కారు నా చేతుల్లో పెట్టాడు.

అప్పుడు చూశాను. ఆయనకు ఎనభై ఏళ్ళు. ఆ కారు ఆయన చేతుల్లో ఉన్నంతసేపూ, తిప్పినా, వంచినా, గోరుతో అంచు తడిమినా, ఒక్కసారి కూడా అదరలేదు.

ఆయన మంచినీళ్ళు తాగి వెళ్ళి పడుకున్నాడు. నేను నోరు తెరిచాను, ఆయనే ఆపాడు అని చెప్పుకోవచ్చు. చెప్పుకోను. రెండో మాట అనకుండా ఎవరూ నా నోరు నొక్కలేదు. వెనకే వెళ్ళి చెప్పొచ్చు, నిన్న చెప్పొచ్చు, ఇవాళ పొద్దున చెప్పొచ్చు. త్వరలో చెబుతానని మీకు మాట ఇస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమోనని ఇవ్వడం లేదు. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఈ మాట ఇంతవరకు నా నోటి నుంచి గానీ, నా చేతి నుంచి గానీ బయటికి రాలేదు. అటూ ఇటూ తిప్పకుండా ఒక్కసారి రాయనివ్వండి, నాకు ఊపిరాడుతుంది.

ప్రింటు తప్పు. ఐదో షీటు, ఆరో షీటు. నాకు తెలుసు. ఆయన అడిగితే సరిగ్గా ఉందన్నాను. ఆయన చేతులకు ఏమీ కాలేదు. అప్పుడూ, ఇప్పుడూ.